మా ఆవిడ గొంతు మీద పందెం

మా ఇంట్లో ఉన్న గదులన్నింటిలోకీ మంచిది వెనక గది. మంచిదంటే పెద్దదని కాదు. ఒక బల్లా, చేతులున్న ఒక కుర్చీ పడ్డాక మూడో వస్తువుగా మనిషి పట్టడమే కష్టం. కానీ అందులో కూర్చుంటే వీధి చప్పుడు వినపడదు. ఆ ఒక్క గుణం కోసమే నేనూ మా ఆవిడా చాలాకాలంగా, ఎంతో మర్యాదగా, పోట్లాడుకుంటూ వస్తున్నాం.

నేనొక దినపత్రికలో సినిమా సమీక్షలు రాస్తాను. నాకు నిశ్శబ్దం కావాలి. మా ఆవిడ డబ్బింగ్ ఆర్టిస్టు. పరాయి భాషల సినిమాల్లో పాత్రలకు మన భాషలో గొంతు ఇస్తుంది. ఆవిడకూ నిశ్శబ్దమే కావాలి, అందులో అరవడానికి.

ఆ గది గోడల నిండా పాత దుప్పట్లు వేలాడదీసింది. అయినా చప్పుడు బయటికి వస్తూనే ఉంటుంది. ఒకసారి ఆవిడ "వద్దు! నన్ను చంపొద్దు! నీ కాళ్ళు పట్టుకుంటాను!" అని సాధన చేస్తుంటే, పక్కింటాయన గొడుగు పట్టుకుని పరుగెత్తుకొచ్చి నన్ను గోడకేసి నొక్కేశాడు. నేనప్పుడు ముందు గదిలో ఉల్లిపాయలు తరుగుతున్నాను. చేతిలో కత్తీ, కళ్ళలో నీళ్ళూ ఉండటం నా దురదృష్టం. పశ్చాత్తాపపడుతున్న హంతకుడననుకున్నాడు.

ఉదయాలు గది నాది, సాయంత్రాలు ఆవిడది అని ఒక ఒప్పందం. కానీ సినిమాలు శుక్రవారం పొద్దున చూస్తే, రాయవలసింది సాయంత్రమే. అందుచేత నా సమీక్షలన్నీ భోజనాల బల్ల మీద, ఉప్పు డబ్బాకూ కారం డబ్బాకూ మధ్య పుట్టినవే. వాటిలో ఉప్పూకారం ఎక్కువని పాఠకులు అంటే, అది నా శైలి కాదు, బల్ల.

ఇలా రోజులు గడుస్తుండగా 'ఆకాశ దళం' ఐదో భాగం వచ్చింది.

ఆకాశ దళం అంటే తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. బొమ్మల పుస్తకాల్లోంచి లేచొచ్చిన వీరుల గుంపు అది. ఒకడు ముట్టుకుంటే ఇనుము తుప్పు పడుతుంది. ఒకడు కాలు తాటిస్తే నేల కదులుతుంది. ఇంకొకడు పొగైపోతాడు, ముఖ్యంగా పని పడినప్పుడు. జ్వలిత అనే అమ్మాయి అరచేతుల్లో నిప్పు పుడుతుంది. వీళ్ళంతా కలిసి భూమిని కాపాడుతుంటారు. భూమి కూడా ఎంతో సహకరించి, సరిగ్గా బడులకు సెలవులిచ్చే వారంలోనే ప్రమాదంలో పడుతుంటుంది.

ఆ సిరీస్ మా వంటింటి కుళాయి లాంటిది. మొదటి భాగం ధారగా వచ్చింది. రెండోది ఉత్త గాలి. మూడోది మళ్ళీ నీళ్ళే, కాస్త మట్టి రంగులో. నాలుగో భాగంలో విలన్ చివరికొచ్చేసరికి తనకెందుకు కోపం వచ్చిందో మరిచిపోయాడు. గుర్తుచేద్దామంటే దర్శకుడికీ తెలియదు. ఇక ఐదోది నీళ్ళా, గాలా అని ఊరంతా ఎదురుచూస్తోంది.

"ఐదో భాగంలో నేనూ ఉన్నాను," అంది మా ఆవిడ ఒకరోజు, బట్టలు మడతపెడుతూ.

"ఏ పాత్రకు చెప్పావు?"

"అదే చెప్పకూడదు. విడుదలయ్యేదాకా నోరు విప్పనని సంతకం పెట్టాను."

"మొగుడికి కూడానా?"

"ముఖ్యంగా మొగుడికి. అందులోనూ పత్రికలో పనిచేసే మొగుడికి."

నేను దిండుకు చేరగిలబడి నవ్వాను. ఆ నవ్వే కొంప ముంచింది.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలియదా ఏమిటి? ఇన్నేళ్ళ కాపురం! వంద గొంతుల్లో నీ గొంతు కలిపెయ్యనీ, రాళ్ళలోంచి బియ్యం ఏరినట్టు ఏరేస్తాను."

"బియ్యంలోంచి రాళ్ళు," అంది ఆవిడ. "ఎప్పుడూ ఏరలేదుగా, మీకు తెలియదు."

"ఏదో ఒకటి. ఏరడం ముఖ్యం."

"పందెమా?"

"పందెమే. నేను గుర్తుపడితే వెనక గది నాది. సాయంత్రాలతో సహా."

"పట్టలేకపోతే గది నాది. ఉదయాలతో సహా. మీ కాగితాల కట్టలు అటక మీదికి."

"సరే."

ఆవిడ దుప్పటి ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని దులిపింది. "నోటిమాట చెల్లదండీ. 'నేనూ అదే అనబోయాను' అనడం మీకు అలవాటు. మీ సమీక్షలో ఏ గొంతును నాదనుకుని మెచ్చుకుంటారో అదే మీ జవాబు. అచ్చులో పడ్డాక మాట మారదు."

నాకు ఇంకా బాగుందనిపించింది. పెళ్ళాన్ని పత్రికలో పొగడొచ్చు, గదీ కొట్టెయ్యొచ్చు. ఒక్క వ్యాసానికి రెండు ఫలితాలు.

మధ్యలో అడ్డు ఒక్కడే. మా ఎడిటరు.

ఆయన్ను ఆఫీసులో అందరం వెనకాల కత్తెర అంటాం. మనం పేజీ నిండా రాసి ఇస్తే, ఆయన చేతిలోంచి అది ఫొటో కింద వ్యాఖ్యగా బయటికొస్తుంది. ఆయనకు ఒక నియమం ఉంది. బంధువులు పనిచేసిన సినిమాకు సమీక్ష రాయకూడదు. రాసినట్టు తేలితే ఆ మనిషినే కత్తిరిస్తారు.

"ఇందులో మీ ఆవిడేమీ చెప్పలేదు కదా?" అన్నారు సినిమా పాసు నా చేతిలో పెడుతూ.

"ఏదో గుంపులో అరుపులు సార్," అన్నాను, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"అరుపులైతే ఫర్వాలేదు. అరుపులకు బంధుత్వం ఉండదు," అని ఆయన నన్ను వదిలేశారు.

ఇక నిజాయితీగా సినిమా చూసి, చెవులు రిక్కించి గుర్తుపడదామనే అనుకున్నాను. కానీ ముందురోజు నుంచే లోపల కాస్త బెరుకు మొదలైంది. ఎందుకైనా మంచిదని రెండు చోట్ల వాకబు చేశాను. దీన్ని కొందరు మోసం అంటారు. మా వృత్తిలో పరిశోధన అంటారు.

మొదట డబ్బింగ్ థియేటర్లో సౌండ్ ఇంజనీరు దగ్గరికి వెళ్ళాను. సన్నటి మనిషి. దూరంనుంచి చూస్తే ముందు చెవులే కనిపిస్తాయి కాబట్టి ఆయన పేరే చెవులు అయిపోయింది. ఎదురుగా ఉన్న టీ కొట్టుకు తీసుకెళ్ళి, ఊరికే అడిగినట్టు అడిగాను.

"పాత్ర పేరు చెప్పకూడదు సార్. కానీ ఒక్కమాట," అని చెవులు కప్పు కింద పెట్టాడు. "ఆవిడ గొంతులో నిప్పుంది. వింటుంటే నాకే చెమట్లు పట్టాయి."

నిప్పు! నేను పైకేమీ అనకుండా ఇంకో టీ చెప్పాను.

"చివరిదాకా ఉంటుందా ఆ పాత్ర?"

"చివరిదాకానే ఏమిటి సార్, ఆవిడ లేకపోతే చివరే ఉండదు."

తరవాత మా అత్తగారికి ఫోన్ చేశాను. ఆవిడ ఆరోగ్యం, మోకాళ్ళు, మేడమీద కొత్తగా అద్దెకు దిగినవాళ్ళ పిల్లల అల్లరి, అన్నీ ఓపికగా విన్నాను. అల్లుడు ఇంత శ్రద్ధగా వినడం మొదటిసారి కావడంతో ఆవిడ కాస్త కంగారుపడింది.

"ఇంట్లో అంతా కులాసాయే కదా బాబూ?"

"కులాసాయే అత్తయ్యగారూ. మీ అమ్మాయి గొంతు గురించి ఆలోచిస్తున్నాను."

"అయ్యో, ఏమైంది దాని గొంతుకి?"

"ఏమీ కాలేదండీ. ఈమధ్య ఏ పాత్రకు చెబుతోందో మీతో ఏమైనా అందా అని."

"పేరైతే చెప్పలేదు. అందరినీ కాపాడే ఆడమనిషి అంది. దానికి చిన్నప్పటినుంచీ పెద్దరికం ఎక్కువ బాబూ. పాలపళ్ళు ఊడకముందే నాకు బుద్ధులు చెప్పేది. సరిగ్గా సరిపోయి ఉంటుంది."

పెద్దరికం సంగతి నేను పట్టించుకోలేదు. నిప్పు, చివరిదాకా ఉండటం, అందరినీ కాపాడటం. మూడూ జ్వలితకే సరిపోయాయి. సినిమా చూడకముందే పందెం గెలిచినంత పనైంది. ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర కూర్చుని, వెనక గది కిటికీకి ఏ రంగు తెర బాగుంటుందా అని ఆలోచించుకున్నాను.

"ఏమిటి, మీలో మీరే నవ్వుకుంటున్నారు?" అంది మా ఆవిడ.

"ఏమీ లేదు. ఆకుపచ్చ ఎలా ఉంటుంది?"

"దేనికి?"

"ఊరికే."

"అటక మీద చీకటిగా ఉంటుంది. ఏ రంగైనా ఒకటే," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున్నే విలేకరుల ఆటకు వెళ్ళాను. నా పక్క సీట్లో ఇంకో పత్రిక సమీక్షకుడు. ఏ సినిమాకైనా నాలుగు నక్షత్రాలకు తగ్గకుండా ఇస్తాడు కాబట్టి అతణ్ణి నక్షత్రం అంటాం. తెర మీద మనిషి కనిపిస్తే చాలు, అతనికి ఆనందం.

సినిమా మొదలవగానే నేను కళ్ళు మూసుకున్నాను. బొమ్మ కనిపిస్తే మనసు చెదురుతుంది, గొంతులే వినాలని నా ఉద్దేశం. కాసేపటికి నక్షత్రం నన్ను మోచేత్తో పొడిచాడు.

"గురక పెట్టకండి గురువుగారూ."

"నిద్ర కాదు. వింటున్నాను."

"అందరూ అలాగే అంటారు."

మళ్ళీ మూసుకున్నాను. జ్వలిత వచ్చింది. తీయగా, సన్నగా, కాస్త ముక్కులోంచి వస్తోంది గొంతు. ఒక్క క్షణం అనుమానం వచ్చింది. మా ఆవిడ ముక్కుతో మాట్లాడదే! కానీ పోయిన నెలలో ఆవిడకు పడిశం పట్టిన సంగతి గుర్తొచ్చింది. ఆ పడిశం ఇలా అక్కరకొచ్చిందన్నమాట. హాయిగా కాళ్ళు చాపుకున్నాను.

సినిమా మాటకొస్తే, మొదటి సగమంతా పరిచయాలే. వీరులు ఒక్కొక్కరే వచ్చి తమ చిన్ననాటి బాధ చెప్పుకుని పక్కకు తప్పుకుంటున్నారు. ఆస్పత్రిలో డాక్టరు గది ముందు వరుసలా ఉంది. ఎవరి బాధ వాళ్ళదే గానీ, జబ్బు మాత్రం అందరిదీ ఒకటే: నాన్న సరిగ్గా మాట్లాడలేదు. తుప్పు వీరుడి నాన్న మాట్లాడలేదు, పొగ వీరుడి నాన్నా మాట్లాడలేదు. విలన్ నాన్న అయితే అసలు కనిపించనే లేదు.

రెండో సగంలో ఒక ముసలావిడ వచ్చింది. దళాన్ని మొదట పెట్టిన మనిషట. అందరూ పెద్దమ్మ అంటున్నారు. కిందికి పడిపోయే దాన్ని దేన్నైనా గాలిలో ఆపగలదు. కాకపోతే ఊపిరి బిగబట్టినంతసేపే. వయసులో ఉన్నప్పుడు కొండచరియల్ని ఆపిందట. ఇప్పుడు దగ్గు, ఆయాసం. చేతిలోంచి జారిన గాజు గ్లాసును ఆపడానికే అవస్థ పడుతోంది.

ఒక వంతెన కూలింది. దాని మీద బస్సు. బస్సులో జనం. కింద మన వీరులు, నాయకుడెవరన్న విషయం మీద వాదించుకుంటున్నారు. పెద్దమ్మ కర్ర పక్కన పడేసి ఊపిరి బిగబట్టింది. వంతెన ఆగింది. కానీ వాళ్ళకు చెప్పాలంటే నోరు తెరవాలి. నోరు తెరిస్తే ఊపిరి పోతుంది. ఊపిరి పోతే వంతెన జారుతుంది.

"ముందు..." అంది. వంతెన ఒక మూర కిందికి దిగింది. మళ్ళీ ఊపిరి. "జనాన్ని..." ఇంకో మూర. "దింపండి..." ఆ మాట చివర గొంతు చిరిగినట్టయింది. "పోట్లాట... తరవాత."

నేను కళ్ళు ఎప్పుడు తెరిచానో నాకే తెలియదు. పందెం, గది, ఆకుపచ్చ తెర, ఏవీ గుర్తులేవు. ఆవిడ ఊపిరి తీసుకుంటే నేనూ తీసుకుంటున్నాను, బిగబడితే నేనూ బిగబడుతున్నాను. పక్కన నక్షత్రం తిండి పొట్లంతో వచ్చిన కాగితంతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. కాగితానికి కారం అంటుకుని ఉన్నట్టుంది, ఇంకా ఎక్కువ ఏడ్చాడు.

తరవాత మామూలే. ఆకాశానికి చిల్లు పడింది, అందులోంచి రాళ్ళు పడ్డాయి, అందరూ గుండ్రంగా నిలబడి వేరే వేరే దిక్కులు చూశారు. చివర్లో గొంతుల వాళ్ళ పేర్లు వేస్తారు, చూద్దామనుకున్నాను. పేర్లు రాకముందే దీపాలు వేసేశారు. తెర మీద అక్షరాలు వెలిసిపోయిన చొక్కా గీతల్లా కనిపించాయి. వాటికి అడ్డంగా నిలబడి నక్షత్రం బండి తాళాలు వెతుక్కున్నాడు.

సాయంత్రం ఉప్పుకూ కారానికీ మధ్య కూర్చుని సమీక్ష రాశాను. సినిమా గురించి రాయడానికి పెద్ద కష్టం కాలేదు. "భూమిని కాపాడటం తేలికే, కాపాడే అందరికీ తలా ఒక సన్నివేశం పంచడమే కష్టమని ఈ ఐదో భాగం రుజువు చేసింది," అన్నాను. "మొదటి భాగం అభిమానులు వెళ్ళొచ్చు, నాలుగో భాగం బాధితులు ధైర్యం చేసి వెళ్ళొచ్చు," అన్నాను.

జ్వలిత గొంతు గురించి రాయవలసిన ఒక్క వాక్యానికే సాయంత్రమంతా పట్టింది. రాయడం, కొట్టెయ్యడం. చివరికి ఇలా కుదిరింది: "ఇంత గోలలోనూ జ్వలిత కంఠం మాత్రం చిక్కటి తేనె. ఆ గొంతు రోజూ వినే భాగ్యం ఎవరిదో గానీ, వాళ్ళు అదృష్టవంతులు." చదువుకుంటే నాకే సిగ్గేసింది.

ఆఖరి పేరా మాత్రం కలం ఎత్తకుండా వచ్చేసింది: "పెద్దమ్మకు గొంతు ఇచ్చినావిడకు ఎనభై ఏళ్ళకు తక్కువుండవు. అంత ఆయాసం నటిస్తే రాదు, బతికితేనే వస్తుంది. ఏ పాత నాటకాల మనిషో. ఇంతకాలం ఆవిడను ఏ మూల కూర్చోబెట్టారో తెలియదు. ఆవిడ మా ఇంటికొస్తే నా కుర్చీలో కూర్చోబెట్టి, నేను నిలబడి వింటాను."

విచిత్రం, కత్తెర ఆ పేరాలో ఒక్క అక్షరం కూడా కొయ్యలేదు.

మర్నాడు పొద్దున వెనక గదిలో, కుర్చీలో ఠీవిగా కూర్చున్నాను. మా ఆవిడ పేపరు పట్టుకుని వచ్చి గుమ్మానికి ఆనుకుని చదవడం మొదలుపెట్టింది. నేను గోడవైపు చూస్తున్నట్టు నటిస్తూ ఆవిడ ముఖం చూస్తున్నాను. తేనె దగ్గరికి వచ్చింది. కనుబొమలు పైకి లేచాయి.

"తేనె," అంది.

"తేనే," అన్నాను.

"చిక్కటి తేనె."

"మరి ఊరికే అంటానా?"

సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. తెలియని నంబరు. చెయ్యి తగిలి స్పీకరు ఆన్ అయింది.

"అన్నయ్యగారూ!" అని ఒక గొంతు. తీయగా, సన్నగా, కాస్త ముక్కులోంచి. "నేనండీ, జ్వలితకు చెప్పింది నేనే! వదిన గారితో కలిసి పనిచేస్తుంటాను. మీరు రాసింది చదివి ఆనందంతో మాట రావడం లేదండీ! మా ఆయనకు కూడా చూపించాను, 'చూశారా, మీరెంత అదృష్టవంతులో' అని. వదిన గారు నా గురించి ఇంట్లో ఇంత మంచిగా చెబుతారని అనుకోలేదు. ఉంటానన్నయ్యగారూ!"

గది నిశ్శబ్దంగా ఉంది. నేను ముందే చెప్పాను కదా, ఆ గది గుణం అది.

ఆవిడెవరో నాకు వెంటనే అర్థమైంది. మా ఆవిడ ఇంటికొచ్చి రోజూ చెప్పే ముక్కురాణి ఆవిడే. 'మైకు ముందు నిలబడితే ముక్కు ముందు, మాట తరవాత' అని మా ఆవిడ వారానికోసారైనా అంటుంది. ఆ ముక్కును నేను తేనెపట్టు చేసి అచ్చు వేయించాను.

"పడిశం అనుకున్నాను," అన్నాను నీరసంగా.

మా ఆవిడ ఇంకా పేపర్లోనే ఉంది. మిగిలింది చదువుతోంది. ఆఖరి పేరా చదివింది. మళ్ళీ ఆ పేరా మొదటికి వెళ్ళి ఇంకోసారి చదివింది. పేపరు మడిచింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. కళ్ళు మాత్రం తుడుచుకుంది. తరవాత నడుం కాస్త వంచి, ఊపిరి లోపలికి లాగి, నోరు తెరిచింది.

"కుర్చీ..." అని ఒక ఆయాసం. "ఇస్తానన్నావుగా..." ఇంకో ఆయాసం. "నాయనా."

నేను లేచి నిలబడ్డాను. అర్థమై లేవలేదు. ముందు లేచాను, అర్థం కావడం తరవాత మొదలైంది.

ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చుంది.

"నువ్వా?"

"నేనే."

"ఎనభై ఏళ్ళ... ఆ దగ్గు... ఆ ఆయాసం..."

"మెట్లెక్కి దిగి, ఊపిరి అందకుండా అయ్యాక మైకు ముందు నిలబడేదాన్ని. ఇంట్లో కూడా సాధన చేశాను. మీరు విన్నారు."

"నేనెప్పుడు విన్నాను?"

"పక్కింట్లో ఎవరో ముసలావిడ తెగ దగ్గుతోంది, పాపం కాసిని వేడినీళ్ళయినా ఇచ్చి రాకూడదూ అన్నారు నాతో. ఇస్తాను లెండి అన్నాను."

నిజమే, అన్నాను. ఒకటి రెండుసార్లు కాదు, చాలాసార్లు అన్నాను. పక్కింటాయన కనబడితే 'మీ అమ్మగారి ఆరోగ్యం జాగ్రత్త' అని కూడా చెప్పాను. ఆయన అప్పటినుంచీ నన్ను ఇంకొంచెం దూరంగా చూస్తున్నాడు.

"ఏ మూల కూర్చోబెట్టారో అని రాశారుగా. ఇదిగో, ఈ మూలే. దుప్పట్ల మధ్య."

నిలబడే ఉన్నాను కాబట్టి కాస్త ధైర్యం తెచ్చుకున్నాను. "అయితే నేనే గెలిచాను కదా! నీ గొంతును మెచ్చుకున్నానా లేదా? అచ్చులో ఉందా లేదా?"

"రెండు గొంతుల్ని మెచ్చుకున్నారు. ఒకదాన్ని నేననుకుని మెచ్చుకున్నారు, అది నేను కాదు. ఇంకోదాన్ని నేను కాదనుకుని మెచ్చుకున్నారు, అది నేను. ఇందులో మీరు గెలిచిందేమిటో చెప్పండి."

వేళ్ళ మీద లెక్కపెట్టి చూశాను. రెండూ ఆవిడ వైపే తేలాయి.

"కానీ ఒకటి," అంది పేపరును ఒళ్ళో సర్దుకుంటూ. "నేనేది చెప్పినా మీరు 'బాగుంది' అనేవారు. ఎదురుగా ఉన్నాను కాబట్టి. నాదని తెలియకుండా అన్నది ఇదొక్కటే. ఇది దాచుకుంటాను. ఆ ఎనభై అన్న మాట మాత్రం గోకేసి."

నాకేదో చెప్పాలనిపించింది. చెప్పేలోపు మళ్ళీ ఫోన్. కత్తెర.

"పొద్దున్నుంచీ ఫోన్ల మీద ఫోన్లయ్యా! అందరూ ఆ పెద్దావిడ ఎవరని అడుగుతున్నారు. ఈ వయసులో ఎంత కష్టపడిందో అని ఒకావిడ ఫోన్లోనే ఏడ్చింది. నువ్వు ఆవిడను పట్టుకుని ఆదివారం పేజీకి మాట్లాడించాలి. ఆవిడ పక్కన నువ్వు నిలబడి ఉన్న ఫొటో కూడా. నిలబడతానని రాశావుగా. వెంటనే ఆఫీసుకు రా."

ఆఫీసుకు వెళ్ళే దారంతా నా పరిస్థితి బేరీజు వేసుకున్నాను. ఆవిడ మా ఆవిడేనని నాకు ముందే తెలుసంటే, అబద్ధమాడి పెళ్ళాన్ని పొగిడిన మోసగాణ్ణి. ఉద్యోగం పోతుంది. తెలియదంటే, సొంత పెళ్ళాం గొంతును ఎనభై ఏళ్ళ ముసలమ్మ గొంతనుకున్న మొద్దును. పరువు పోతుంది. రెండింటిలో ఏది పోతే మళ్ళీ తొందరగా దొరుకుతుందా అని ఆలోచిస్తుంటే ఆఫీసు వచ్చేసింది.

కత్తెర కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. అది మంచి సూచన కాదు.

"ఆవిడ నంబరు దొరికిందా?"

"దొరికింది సార్. నా ఫోన్లోనే ఉంది."

"అంటే ముందే పరిచయమా?"

"కొంచెం. ఒకే ఇంట్లో ఉంటాం." ఇక దాచలేక చెప్పేశాను. "మా ఆవిడే సార్."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "గుంపులో అరుపులన్నావు."

"అన్నాను సార్. అది అబద్ధమే. కానీ పెద్దమ్మ అని మాత్రం తెలియదు. నేను జ్వలిత అనుకున్నాను."

"తేనె అందుకేనా?"

"అందుకే సార్."

"అయితే నువ్వే తేల్చుకో. మోసగాడివా, మొద్దువా? మోసగాడివైతే ఇవాళే లెక్క చూస్తాం. మొద్దువైతే సవరణ వేస్తాం."

"మొద్దునే సార్," అన్నాను. జీవితంలో అంత స్పష్టంగా ఎప్పుడూ జవాబు చెప్పలేదు.

కత్తెర పెదవి చివర ఏదో కదిలింది. నవ్వని నేను చెప్పలేను, ఆయన ముఖం మీద దాన్ని ఇంతకుముందు చూడలేదు.

"నువ్వు దారిలో ఉండగానే మీ ఆవిడ ఫోన్ చేసింది. 'మా ఆయన మోసగాడు కాదండీ, ఆయనకంత తెలివి లేదు' అంది. ఎంత నమ్మకంగా చెప్పిందంటే, నేను ఇంకో ప్రశ్న అడగలేకపోయాను. నీ నోటితో కూడా వినాలని ఇలా అడిగాను. ఇకమీద మీ ఆవిడ ఉన్న సినిమాలు నక్షత్రం రాస్తాడు, వాళ్ళ పత్రికలో. మన దాంట్లో ఇంకెవరైనా రాస్తారు. ఇదిగో సవరణ. రేపు వేస్తున్నాం."

కాగితం నా ముందుకు జరిపారు. ఇలా ఉంది:

"సవరణ: నిన్నటి సమీక్షలో పెద్దమ్మ పాత్రకు గొంతు ఇచ్చినవారి వయసు ఎనభై అని పడింది. ఆమెకు అందులో సగమే. ఆమె సమీక్షకుడి భార్య. ఈ సంగతి సమీక్షకుడికి తెలియదు. ఆమె గొంతు రోజూ వింటున్నానని ఆయన అంటున్నారు గానీ, వింటున్నట్టు ఆధారాలు లేవు. పొరపాటుకు చింతిస్తున్నాం."

"మీ శైలిలా లేదు సార్," అన్నాను.

"నాది కాదు. ఆవిడ చెబుతుంటే రాసుకున్నాను. కోద్దామని కలం తీశాను. ఎక్కడా దొరకలేదయ్యా."

నాకు కోపం రావాలి. రాలేదు. నా ఉద్యోగం నిలబెట్టింది, పరువు పడేసినా పద్ధతిగా పడేసింది. ముందు ఒక థ్యాంక్స్ అయినా చెబుదామని అక్కడే ఫోన్ తీసి మా ఆవిడకు చేశాను. రెండు మోతలయ్యాక మర్యాదైన, చల్లటి గొంతు వినిపించింది.

"మీరు పిలుస్తున్న వినియోగదారు ప్రస్తుతం అందుబాటులో లేరు. దయచేసి కొంతసేపటి తరవాత మళ్ళీ ప్రయత్నించండి."

"అందడం లేదు సార్," అని పెట్టేశాను.

"మళ్ళీ చెయ్యి. ఇలాంటివి వెంటనే చెప్పాలి," అన్నారు కత్తెర.

మళ్ళీ చేశాను.

"మీరు పిలుస్తున్న వినియోగదారు ప్రస్తుతం కుర్చీలో ఉన్నారు. లేచే ఉద్దేశం లేదు. దయచేసి ఇంటికి వచ్చేటప్పుడు పాలు తీసుకుని రండి. ధన్యవాదాలు."

"ఏమంటోంది?" అన్నారు కత్తెర.

"మా ఆవిడ కాదు సార్, ఫోన్ కంపెనీవాళ్ళు," అన్నాను. "పాలు తెమ్మంటున్నారు."